తపాలా బిళ్ళ : అర్థము, ప్రయోజనము

అంగుష్ఠమంత కాగితము. వెనుక జిగురు, ముందు బొమ్మ, నాలుగంచుల వెంట సన్నని రంధ్రముల వరుస. తపాలా బిళ్ళలో పైకి కనిపించునది ఇంతే. అయినను ఈ చిన్న కాగితమును గూర్చి వ్రాయవలెనను సంకల్పము మాకు కలుగుటకు ఒక కారణమున్నది.

ఈ సంవత్సరము మన కళాశాల వార్షికోత్సవమునకు పాత వస్తువుల ప్రదర్శన ఏర్పాటు చేయదలచినప్పుడు, శంషాబాదు విమానాశ్రయ సమీప గ్రామమునుండి వచ్చు ఒక విద్యార్థిని ఒక రేకు డబ్బా తెచ్చి మా బల్లమీద పెట్టినది. అందులో ఆమె తాతగారికి వచ్చిన ఉత్తరములు, కవరులతో సహా, నలుబది దాకా ఉన్నవి. "సార్, ఈ స్టాంపులన్నీ కత్తిరించి అట్టమీద అంటిస్తాను. ఉత్తరాలు ఉర్దూలో ఉన్నాయి, నాకు చదవరాదు. కవర్లు పారేయవచ్చు గదా?" అని అడిగినది. ప్రక్కనున్న మరొక విద్యార్థి నవ్వి, "ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తున్నారు సార్? స్టాంపుతో పనేముంది?" అన్నాడు.

ఈ రెండు ప్రశ్నలకు ఆనాడు మేము తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోయినాము. ఆ సమాధానమునే ఈ వ్యాసమున చెప్ప ప్రయత్నించుచున్నాము.

నామార్థము

మొదట పేరును పరిశీలింతము. తెలుగున మనము దీనిని తపాలా బిళ్ళ అనుచున్నాము. బిళ్ళ యనగా పలుచని చిన్న ముక్క యని సామాన్యార్థము. కాని మన భాషలో ఈ మాటకు మరొక వాడుక కూడ కలదు. కచేరీ నౌకరు ఛాతీమీద ధరించు అధికార చిహ్నమును బిళ్ళ అందురు. బిళ్ళబంట్రోతు అను మాట అందుండియే వచ్చినది. బంట్రోతు సామాన్యుడే అయినను, ఆ బిళ్ళ ఉన్నంతసేపు అతనిని ఎవరును అడ్డగింపరు. అట్లే బిళ్ళ ధరించిన ఉత్తరము ప్రభుత్వపు పనిమీద బయలుదేరినట్లు లెక్క.

ఉర్దూలో దీనిని డాక్ టికట్ అందురు. రైలెక్కు ప్రయాణికుడు కొనునదియు టికెట్టే, ఉత్తరమునకు అంటించునదియు టికెట్టే. ఉత్తరము కూడ ఒక ప్రయాణికుడే, దాని ఛార్జీ ముందే చెల్లించబడినది అని ఆ మాటకు భావము. తెలుగు మాట అధికారమును చెప్పుచున్నది, ఉర్దూ మాట చెల్లింపును చెప్పుచున్నది. రెండు మాటలను కలిపినగాని ఈ వస్తువు యొక్క పూర్ణార్థము తెలియదు.

స్టాంపుల సేకరణ విద్యకు ఫిలాటెలీ అను పేరు 1864లో ఫ్రాన్సు దేశీయుడు జార్జి హెర్పిన్ పెట్టినాడు. ప్రీతి యను అర్థము గల ఒక గ్రీకు పదమును, సుంకము లేకుండుట యను అర్థము గల మరొక గ్రీకు పదమును ఆయన జోడించినాడు. పంపువారు ముందే చెల్లించిరి గనుక, అందుకొనువారు ఏమియు ఇచ్చుకొన నక్కరలేదు అనునదే ఆ పేరులోని రహస్యము.

బిళ్ళకు పూర్వము

పూర్వము ఇంగ్లండులో ఉత్తరపు ఖర్చును తరచుగా అందుకొనువారే చెల్లించెడివారు. దూరము పెరిగిన కొలది రుసుము పెరిగెడిది. డబ్బు లేనివారు గుమ్మమునకు వచ్చిన ఉత్తరమునే త్రిప్పి పంపవలసి వచ్చెడిది. 1837లో రోలండ్ హిల్ ఈ పద్ధతిని విమర్శించుచు ఒక చిన్న పుస్తకము ప్రచురించినారు. ఉత్తరమును దూరము తీసికొనిపోవుటకు అగు వ్యయము స్వల్పమనియు, లెక్కలు వ్రాయుటకు, ఇంటింట డబ్బు వసూలు చేయుటకు అగు వ్యయమే అధికమనియు ఆయన లెక్కకట్టి చూపినారు. దూరముతో నిమిత్తము లేక ఒకే రుసుము ఉండవలెననియు, దానిని పంపువారే ముందుగా చెల్లింపవలెననియు ఆయన వాదము.

ఆ వాదము ఫలించి 1840 మే 6వ తేదీ నుండి ప్రపంచములోని మొదటి జిగురు తపాలా బిళ్ళ చెలామణిలోనికి వచ్చినది. దాని వెల ఒక పెన్నీ, రంగు నలుపు, దానిమీద విక్టోరియా రాణి ముఖము. వాడిన బిళ్ళను మరల వాడకుండుటకు దానిపై ఎర్రసిరాతో ముద్ర కొట్టెడివారు. నల్లని బిళ్ళమీద ఎర్రముద్ర సరిగా కనిపింపక పోవుటయు, దానిని తుడిచివేయ వీలగుటయు గమనించి, 1841లో బిళ్ళను ఎరుపు చేసి ముద్రను నలుపు చేసినారు. నేటికిని మన తపాలా కచేరీలలో కొట్టు నల్లముద్రకు మూలమిదియే.

మన దేశమున 1852లో సింధు ప్రాంతమునందు బార్టిల్ ఫ్రియర్ అను అధికారి అర్ధణా బిళ్ళలను ప్రవేశపెట్టినాడు. మొదట వచ్చినవి లక్కవంటి ఎర్రని పదార్థముతో చేసినవి. అవి పెళుసుగా ఉండి తేలికగా విరిగెడివి. 1854 అక్టోబరు 1వ తేదీ నుండి బ్రిటిషు ఇండియా అంతటికి చెల్లు బిళ్ళలు వచ్చినవి. పావు తులము మించని ఉత్తరము ఎంత దూరము పోయినను అర్ధణా చాలును. ధనవంతుని ఉత్తరమునకును, కూలివాని ఉత్తరమునకును, దగ్గరి ఊరికిని, దూరపు ఊరికిని ఒకటే వెల. ఈ సమత్వమే తపాలా బిళ్ళ యొక్క గొప్ప ధర్మము.

పాత పద్ధతి మాత్రము పూర్తిగా పోలేదు. బిళ్ళ అంటింపని ఉత్తరమును మన పెద్దలు బేరంగు ఉత్తరము అనెడివారు. అట్టి ఉత్తరమును అందుకొనువారు తక్కువైన రుసుమునకు రెట్టింపు చెల్లింపవలెను. ముందే చెల్లించుట మర్యాద, ఎదుటివారి మీద భారము మోపుట అమర్యాద అని ఈ నియమము నేర్పుచున్నది.

నిజాం రాజ్యపు బిళ్ళలు

మన ప్రాంతపు చరిత్ర మరింత ఆసక్తికరమైనది. హైదరాబాదు రాజ్యమునకు తన సొంత నాణెములున్నట్లే సొంత తపాలా కూడ ఉండెడిది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలమున, 1869లో, ఒక అణా విలువగల మొదటి బిళ్ళ వెలువడినది. ఈ బిళ్ళలు రాజ్యపు ఎల్లలలోపల మాత్రమే చెల్లెడివి. బొంబాయికో, మదరాసుకో ఉత్తరము పంపదలచినవారు బ్రిటిషు ఇండియా తపాలాను ఆశ్రయింపవలసినదే.

ఈ బిళ్ళలలో మనము ప్రత్యేకముగా గమనింపవలసినది లిపి. ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు, మరాఠీ లిపులను ఒకే బిళ్ళమీద కూర్చు సంప్రదాయము ఆ రాజ్యమున స్థిరపడినది. పరిపాలన భాష వేరైనను, జనులు తమ అణా దేనికి ఇచ్చుచున్నారో తమ లిపిలోనే చదువుకొనవలెనను మర్యాద అందున్నది. ఉర్దూ విభాగమును, తెలుగు విభాగమును ఒకే కప్పుక్రింద నడుపుకొనుచున్న మన కళాశాలకు అంతకన్న మంచి చిహ్నము మరొకటి దొరకునా అని మాకు తోచుచుండును.

1931లో వెలువడిన బొమ్మల బిళ్ళల వరుస మిక్కిలి ప్రసిద్ధము. అందు పాలకుని ముఖమునకు బదులు రాజ్యములోని కట్టడములు చిత్రింపబడినవి. ఒక అణా బిళ్ళమీద చార్మినారు, రెండణాల బిళ్ళమీద హైకోర్టు, నాలుగణాల బిళ్ళమీద ఉస్మాన్ సాగరు, ఎనిమిదణాల బిళ్ళమీద అజంతా గుహల ప్రవేశద్వారము, పండ్రెండణాల బిళ్ళమీద బీదరులోని మదరసా, రూపాయి బిళ్ళమీద దౌలతాబాదు మినారు కలవు. 1908 నాటి మూసీ వరదల తరువాత నిర్మింపబడిన ఉస్మాన్ సాగరునకు జంటయైన హిమాయత్ సాగరు మన శంషాబాదుకు పొరుగుననే ఉన్నది. ఇంటి దాపున చూచు నీటి కట్టడము ఒకటి ఊరూర తిరుగు ఉత్తరములమీద కనిపించిన, ఆనాటి బాలురకు ఎంత సంబరము కలిగియుండునో ఊహింపవచ్చును.

1937లో రజతోత్సవ సందర్భమున యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయము, జూబిలీ హాలు బొమ్మలతో నాలుగు బిళ్ళలు వచ్చినవి. 1947లో వచ్చిన మూడణాల బిళ్ళమీద ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణము ఉన్నది. ఆ తోరణమే 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నమున చోటుచేసికొన్నది. 1950 ఏప్రిల్ 1వ తేదీతో హైదరాబాదు తపాలా భారత తపాలాలో కలిసిపోయినది. ఎనుబది సంవత్సరముల చరిత్ర అట్లు ముగిసి, ఆ బిళ్ళలు పెట్టెలలోనికి చేరినవి.

బిళ్ళ యొక్క ప్రయోజనములు

మొదటి ప్రయోజనము రశీదు. మీ సొమ్ము ముట్టినది, మీ ఉత్తరమును చేర్చెదము అని ప్రభుత్వము ముందుగా ఇచ్చు మాటయే బిళ్ళ. నిజాం కాలమున కొన్ని బిళ్ళలు తపాలాకును, సొమ్ము ముట్టినట్లు వ్రాయు రశీదులకును రెండింటికి చెల్లెడివి. నేడు ఈ రెండు పనులు వేరైనవి. అయిదు వేల రూపాయలకు మించిన సొమ్ము రశీదుపై అంటించు రూపాయి రెవెన్యూ స్టాంపు తపాలాకు పనికిరాదు, తపాలా బిళ్ళ ఆ రశీదుకు పనికిరాదు. విద్యార్థులు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

రెండవ ప్రయోజనము స్మృతి. మహనీయులను, సంస్థలను జనుల జ్ఞాపకమున నిలుపుటకు బిళ్ళలు తోడ్పడును. 1948 ఆగస్టు 15న గాంధీజీ స్మృత్యర్థము వెలువడిన బిళ్ళలమీద 'బాపు' అను మాట నాగరి లిపిలోను, ఉర్దూ లిపిలోను ముద్రింపబడినది. 1969లో ఉస్మానియా విశ్వవిద్యాలయ స్వర్ణోత్సవమునకును, మహాకవి గాలిబ్ శతవర్ధంతికిని బిళ్ళలు వచ్చినవి. 1974లో వీరేశలింగము పంతులుగారికి, 1975లో హైదరాబాదులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ గౌరవము దక్కినది.

మూడవ ప్రయోజనము సాక్ష్యము. ఇది బిళ్ళలో లేదు; బిళ్ళమీద పడిన ముద్రలో ఉన్నది. ఏ ఊరు, ఏ తేదీ అని ఆ ముద్ర చెప్పును. కవరుమీది చిరునామా ఎవరి నుండి ఎవరికి అని చెప్పును. బిళ్ళ వెల ఆనాటి రుసుము చెప్పును. ఈ మూడును కలిసియున్నప్పుడే అది చరిత్ర. బిళ్ళను కత్తిరించి వేరుచేసినచో మిగులునది రంగుకాగితమే. ఈ సత్యమును మేము పుస్తకముల వలన నేర్చుకొనలేదు. మా ఇంటిలో జరిగిన నష్టము వలన నేర్చుకొన్నాము.

ఆకాశయానము, ఉత్తరము

ఆ సంగతి చెప్పుటకు ముందు, విమానమునకును ఉత్తరమునకును గల చుట్టరికమును కొంత తెలుపవలెను. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో హెన్రీ పెకే అను ఫ్రెంచి వైమానికుడు ఆరు వేలకు పైగా ఉత్తరములను యమునా నది దాటించి నైనీ చేర్చినాడు. విమానములో అధికారికముగా తపాలా సాగుట ప్రపంచమున అదియే మొదలు. 1929లో మన దేశమున వైమానిక తపాలాకు ప్రత్యేకమైన బిళ్ళలు వెలువడినవి. స్వాతంత్ర్యానంతరము 1947 డిసెంబరు 15న వచ్చిన పండ్రెండణాల బిళ్ళమీద బొమ్మ విమానమే. 1949లో నాగపూరు కేంద్రముగా రాత్రి విమాన తపాలా ఆరంభమైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసు నుండి వచ్చిన విమానములు అర్ధరాత్రి అచ్చట కలిసి సంచులు మార్చుకొనెడివి.

1970ల నుండి హైదరాబాదు నగరము నుండియు, తెలంగాణ పల్లెల నుండియు వేలాది మంది గల్ఫు దేశములకు జీవనార్థము తరలిపోయినారు. ఆ కుటుంబములకు విమానమనగా ఉత్తరము. నీలి ఎయిరోగ్రాము, ఎరుపు నీలి చారల అంచుగల కవరు, వాటిమీద అరబ్బీ లిపిలోని బిళ్ళలు ఎరుగని గల్లీ ఆనాడు పాతనగరమున లేదనవచ్చును.

మా అనుభవము

మా మామూజాన్‌గారు జిద్దాలో పనిచేయుచుండెడివారు. 1990ల చివర, మాకు పది సంవత్సరముల వయస్సున, నెలకొక ఉత్తరము అమ్మీ పేరిట వచ్చెడిది. అమ్మీ ఉర్దూ ఉత్తరమును పైకి చదువుచుండగా నానీమా కన్నులు తుడుచుకొనుచు వినెడిది. మా చూపు మాత్రము కవరుమీది బిళ్ళపైననే ఉండెడిది. ఉత్తరము చదువుట పూర్తికాగానే కవరును తీసికొని పోయి గిన్నెడు నీళ్ళలో నానవేసెడివారము. జిగురు కరిగి బిళ్ళ తేలివచ్చెడిది. దానిని ఆరబెట్టి పుస్తకమున అంటించి, తడిసి ముద్దయైన కవరును పారవేసెడివారము. బడిలో మా పుస్తకమునకు మంచి పేరు వచ్చినది.

2004లో మామూజాన్‌గారు అచ్చటనే హఠాత్తుగా కాలము చేసినారు. అంత్యక్రియలు కూడ అచ్చటనే జరిగినవి. వారికి రావలసిన జీతము, ఇతర బాకీలు ఉన్నవని తెలిసినను, పనిచేసిన సంస్థ చిరునామా మా ఇంట ఎవరికిని తెలియదు. ఫోను నంబరు మారినది. ప్రతి కవరు వెనుకను ఆయన ఆ చిరునామాను శ్రద్ధగా వ్రాసెడివారు. ఆ కవరులన్నియు మా గిన్నెలో కరిగిపోయినవి. మామీగారు మమ్ములను ఒక్క మాటయు అనలేదు. కాని మా బిళ్ళల పుస్తకమును తెరచి, ఒక్కొక్క పుట త్రిప్పి, చిరునామా ఎచ్చటనైన ఉన్నదేమో అని వెదకినది. రంగురంగుల బొమ్మలు తప్ప అందేమియు లేదు.

చివరకు నానీమా తన పెట్టె అడుగున నుండి ఒక కవరు తీసినది. ఈదు పండుగనాడు వచ్చినదని దానిని మాకు ఇవ్వక దాచుకొన్నది. బిళ్ళ చెక్కుచెదరలేదు, ముద్రలోని తేదీ స్పష్టముగా ఉన్నది, వెనుక చిరునామా ఉన్నది. ఆ చిరునామాకు అబ్బాజాన్‌గారు రిజిస్టరు ఉత్తరము వ్రాసినారు. కొన్ని నెలలకు జవాబు వచ్చినది. రావలసినదంతయు రాలేదు గాని, కొంత వచ్చినది. ఆ సొమ్ముతో మామీగారి పెద్దకుమార్తె చదువు సాగినది.

నాటి నుండి నేటివరకు మేము ఏ కవరు నుండియు బిళ్ళను వేరుచేయలేదు.

నేటి స్థితి

కాలము మారినది. 2008 మార్చిలో శంషాబాదున క్రొత్త విమానాశ్రయము ఆరంభమైనది. గల్ఫునకు పోవువారు నేడు మన కళాశాల ముందరి దారినే పోవుచున్నారు. దిగిన మరుక్షణమే సెల్‌ఫోనులో ముఖము చూపుచున్నారు. 2013లో టెలిగ్రాము సేవ ముగిసినది. 2025లో రిజిస్టరు తపాలా స్పీడ్ పోస్టులో కలిసిపోయినది. నేడు తపాలా జవాను తెచ్చు వాటిలో అధికభాగమునకు బిళ్ళ ఉండదు, యంత్రము ముద్రించిన చీటీ ఉండును. అయినను, యువకుని విదేశమునకు పంపు పాస్‌పోర్టు నేటికిని ఆ జవాను చేతిమీదుగానే గుమ్మము చేరుచున్నది. రుసుము ముందే చెల్లించుట, ఇచ్చిన మాట ప్రకారము చేర్చుట అను ధర్మము చీటీ మారినను మారలేదు.

కాబట్టి స్టాంపుతో పనేమున్నదని అడిగిన విద్యార్థికి మా సమాధానమిది. క్రొత్త ఉత్తరములకు దాని అవసరము తగ్గి ఉండవచ్చును. వచ్చిన ఉత్తరములకు దాని అవసరము నానాటికి పెరుగుచున్నది. సెల్‌ఫోనులో మాటలాడిన మాట గాలిలో కలిసిపోవును. ఆ రేకు డబ్బాలోని నలుబది కవరులు మాత్రము ఇంకను తేదీలతో, ఊళ్ళతో, పేర్లతో నిలిచి ఉన్నవి.

విద్యార్థులకు

మీ ఇండ్లలో పాత కవరులున్నచో బిళ్ళలను కత్తిరింపవద్దు, నీటిలో నానవేయవద్దు. సెల్లోటేపు అంటింపవద్దు, కాలక్రమమున అది కాగితమును పసుపు చేయును. ఎండ, తేమ తగులనిచోట విడివిడిగా కాగితపు సంచులలో ఉంచుడు. ఎవరు ఎవరికి వ్రాసిరో, ముద్రలోని ఊరు, తేదీ ఏవో ఒక నోటుపుస్తకమున వరుసగా వ్రాసికొనుడు. పెద్దలు జీవించియుండగానే వారిని అడిగి తెలిసికొనుడు.

ఇక ఆ డబ్బా సంగతి. ఆ విద్యార్థినికి ఉర్దూ చదువరాదు. ఉర్దూ విభాగపు విద్యార్థులలో కొందరికి తెలుగు వ్రాయుట కష్టము. మేము ఉర్దూ విభాగపు మిత్రులతో ఆలోచించి, ఆమె కుటుంబపు అనుమతితో, వారమునకు ఒక గంట కేటాయించినాము. ఒకరు చదువుదురు, ఒకరు వ్రాసికొందురు. ఇప్పటికి పదునొకండు ఉత్తరములు పూర్తియైనవి. అందొకదానిలో, ఆమె తండ్రి పుట్టిన వార్త విని తాతగారి అన్నగారు పరదేశము నుండి వ్రాసిన ఆశీర్వచనము ఉన్నది. దానిని తెలుగున విని ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత, కత్తెర ఇంటికి తీసికొని పోయెదనని మాత్రము అన్నది.

ప్రదర్శనలో ఆ కవరులు బిళ్ళలతో సహా ఉన్నవి ఉన్నట్లే పెట్టబడును. ప్రతిదాని ప్రక్కన ఉర్దూ మూలము, తెలుగు ప్రతి ఉండును. ఇట్టి డబ్బాలు మరి కొన్ని మన విద్యార్థుల ఇండ్లలో తప్పక ఉండును. వాటిని భద్రపరచుటకు గ్రంథాలయమున ఒక బీరువా ఇప్పింపవలసినదిగా కళాశాల కార్యవర్గమును ఈ సందర్భమున సవినయముగా కోరుచున్నాము.